కింద నిలబడి కొన్న బండి

మా వదిన ఒక తాడు పనికిరాదని తేల్చిందంటే దాన్ని అక్కడికక్కడే ముక్కలు చేసేస్తుంది. మూరెడు మూరెడు ముక్కలు. మనసు మార్చుకుని మేమెవరమూ దాన్ని మళ్ళీ చెట్టెక్కించకుండా ఆమె తీసుకునే జాగ్రత్త అది. కత్తెర ఆడినంతసేపూ అన్నయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి, అయినవాళ్ళని సాగనంపుతున్నట్టు మొహం పెడతాడు.

“ఇంకా నిక్షేపంలా ఉందే అది!”

“ఉన్నట్టు కనబడుతోంది. ఇక్కడ నొక్కి చూడు. లోపలి పోగు చచ్చిపోయింది, మెత్తగా వేలు దిగిపోతోంది.”

“నా వేలికేం తెలియట్లేదు.”

“నీ వేళ్ళకి చెట్టు బెరడు తప్ప ఇంకేం తెలుస్తుందిలే,” అంటుంది వదిన, ముక్కల్ని డబ్బాలోకి తోస్తూ.

మాది చెట్ల పని. చెట్టు ఇంటి కప్పు మీదికి వంగినా, గాలివానకి కొమ్మ విరిగి దారికి అడ్డం పడినా మమ్మల్ని పిలుస్తారు. అన్నయ్య పైన, నేను కింద. అతను నడుముకి బెల్టు, బెల్టుకి తాడు కట్టుకుని ఎక్కి కోస్తాడు. కోసిన కొమ్మ దబ్బున పడకుండా నేను ఇంకో తాడుతో మెల్లగా దించి, ముక్కలు చేసి, చిన్న కొమ్మల్ని నలగ్గొట్టే పొట్టు మిషన్లో వేస్తాను. వదినది ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు. ఆమె సైకిళ్ళు బాగుచేసే ఆయన కూతురు. స్పానర్ల మధ్యే పెరిగింది. రంపాల చైన్లకి పదును పెట్టడం, పొట్టు మిషన్ కత్తులు విప్పి సాన పట్టించి మళ్ళీ బిగించడం, బండికి ఆయిలు మార్చడం అన్నీ ఆమే. గుండ్రటి ఆకురాయి పట్టుకుని చైను పళ్ళని ఒక్కొక్కటే రుద్దుతున్నప్పుడు ఆమెని పలకరించకూడదు. ఒక వైపు పళ్ళు ఎక్కువ అరిగితే రంపం తిన్నగా పోక ఒక పక్కకి లాగుతుంది. అన్నయ్య అలా కోసుకొచ్చిన రోజున ఆ తప్పు తనదా రంపానిదా అని వాళ్ళిద్దరికీ భోజనాల దాకా వాదన.

పని మొదలుపెట్టే ముందు నేను చెట్టు మొదట్లో నిలబడి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటాను. దేవుడికా, చెట్టుకా అని ఒకాయన అడిగాడు. నాకూ సరిగ్గా తెలియదు. దేవుడు పెంచినదాని మీద కత్తి పెట్టబోతున్నాం కదా, చెప్పి పెట్టడం మర్యాద అనిపిస్తుంది. ఇంత పెంచినవాడు దాన్ని ఇంటి కప్పు మీదికే ఎందుకు వంచాడని కూడా అనిపిస్తుంది గానీ, అలా వంచకపోతే మాకు పనేదీ?

కిందటి వానాకాలం చివర్లో తడిసిన కొమ్మ మీద అన్నయ్య కాలు జారింది. తాడు పట్టింది. పాతదాన్ని కోసేసి వదిన తెచ్చిన కొత్త తాడు అది. మనిషి నేలకి రాలేదు గానీ, పడుతూ పడుతూ ఒంటిచేత్తో కొమ్మని పట్టుకోబోయేసరికి కుడి భుజం కీలు తప్పింది.

“దేవుడే కాపాడాడు వదినా,” అన్నాను ఆసుపత్రి వరండాలో.

“కాపాడాడు. కాదని ఎవరన్నారు? కాకపోతే ఆ పాత తాడు కోస్తున్న రోజున మీ అన్నదమ్ములిద్దరూ నన్ను దుబారా మనిషినని తిట్టారు చూడు, అప్పుడాయన నా తరఫున ఒక్క మాట సాయం చేసుంటే బాగుండేది.”

తాడుని పట్టి ఉంచింది దేవుడైతే, కత్తెర పట్టిన చెయ్యి ఎవరిది? రెండూ ఒకటే అని చెప్పుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది గానీ, వదిన దగ్గర అంటే నవ్వుతుందని అనలేదు.

డాక్టరు భుజం సరిచేసి, కొన్నాళ్ళు కట్టు ఉంచి, చివరికి అసలు మాట చెప్పాడు. చెయ్యి గుండె ఎత్తు దాకా మామూలుగా వాడుకోవచ్చు, తల పైకి ఎత్తి ఒంటి బరువు లాగడం మాత్రం ఇక మర్చిపోవాలి.

“అంటే చెట్లెక్కొచ్చా?” అనడిగాడు అన్నయ్య.

డాక్టరు వదిన వైపు చూశాడు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో డాక్టర్లకి చూడగానే తెలిసిపోతుందనుకుంటా.

పైకెక్కడానికి ఒక మనిషిని పెట్టుకున్నాం. మంచి పనివాడే. అయితే అన్నయ్య కింద నిలబడ్డాడు. “ఎడమ కాలు! ఎడమ కాలురా బాబూ, ఎడమంటే నీకు కుడా? ఆ కొమ్మ నమ్మకు, అది మోసం చేసే కొమ్మ. తాడు ఇంకా పైకి వెయ్. అంత పైకి కాదు!” ఆ మనిషి సగం చెట్టు నుంచి దిగొచ్చి, బెల్టు విప్పి నా చేతిలో పెట్టాడు. “మీ అన్నగారు నోటితో ఎక్కుతున్నారండీ, నేను కాళ్ళతో ఎక్కుతున్నాను. ఒక చెట్టు మీద ఇద్దరం పట్టం,” అని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత అన్నయ్య నోరు కూడా ఆగిపోయింది. దానికే మాకు భయమేసింది. పొద్దున్నే షెడ్డులోకి వచ్చి తాళ్ళు చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, “పెద్ద గోడౌనులో కాపలా మనిషి కావాలట. నెలాఖరుకి చెప్పమన్నారు. రంపాలు అమ్మేద్దాం,” అన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. చిన్నప్పటి నుంచీ కొమ్మల్లో తిరిగిన మనిషి, గోడౌను గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చేపోయే లారీల నంబర్లు చూస్తాడన్నమాట. వదిన గరిటె పక్కన పెట్టింది.

“నెలాఖరు దాకా టైముందిగా. ఈలోగా బుట్ట బండి కొందాం.”

బుట్ట బండి అంటే లారీయే. దాని వీపు మీద మడతపెట్టిన పొడుగాటి ఇనుప చెయ్యి ఉంటుంది. ఆ చేతి చివర మనిషి నిలబడే బుట్ట. మీటలు నొక్కితే చెయ్యి విప్పుకుని మనిషిని కొమ్మ దగ్గరికి తీసుకెళుతుంది. ఎక్కక్కర్లేదు, ఒళ్ళు లాక్కోనక్కర్లేదు. కొమ్మని గుండె ఎత్తులోకి తెచ్చుకుని చిన్న రంపంతో కోసుకోవచ్చు. డాక్టరు చెప్పిన హద్దు దాటకుండా అన్నయ్య పని చెయ్యాలంటే దారి అదొక్కటే.

“బుట్టలోనా?” అన్నాడు అన్నయ్య. “బుట్టలో కూరగాయలు ఎక్కుతాయి. మనుషులెక్కరు.”

“గోడౌను కుర్చీలో మాత్రం ఏం ఎక్కుతాయి? నల్లులు.”

“మీరే చూసుకోండి, మీరే కొనుక్కోండి. నేను రాను.”

నిజంగానే రాలేదు. బతిమాలినా, తిట్టినా రాలేదు. దాంతో బండి ఎంపిక వదినా నేనూ చెయ్యాల్సొచ్చింది.

ముందుగా వదిన టేపు పట్టుకుని, మాకు పనులు తగిలే సందులన్నీ నాతో కలిసి కొలిచింది. గేట్లు, మలుపులు, కాలవల మీది పలకలు. బండి పడిపోకుండా రెండు పక్కలా నేల మీదికి దించే ఇనుప కాళ్ళుంటాయి. వాటిని చాపితే బండి ఒళ్ళు వెడల్పవుతుంది. చాలామంది ఆ సంగతి మర్చిపోయి, గేటులో పట్టిందని మురిసిపోయి లోపలికెళ్ళాక కాళ్ళు చాపడానికి చోటు లేక తెల్లమొహం వేస్తారు. వదిన మర్చిపోలేదు. షెడ్డు ముందు సుద్దముక్కతో కాళ్ళు చాపిన బండి బొమ్మ గీసి, ఇంతకన్నా ఒక్క జానెడు ఎక్కువైనా వద్దంది. పొరుగువాళ్ళ కోడి ఒకటి ఆ బొమ్మ మధ్యలో కూర్చుంది. అది మంచి శకునమా కాదా అని నేను ఆలోచిస్తుంటే, “కోడి శకునం కోడికే,” అని వదిన దాన్ని తోలేసింది.

పాత బండ్లు అమ్మే ఆయన ఆవరణలో మూడు బుట్ట బండ్లున్నాయి. మొదటిది కొత్త రంగుతో మెరిసిపోతోంది. నేను చుట్టూ తిరిగి చూస్తుంటే, వదిన జడలోంచి పిన్ను తీసి ఇనుప చెయ్యి మడతపడే కీలు దగ్గర గీకింది. రంగు కింద ఇంకో రంగు, దాని కింద పొడుగ్గా వెల్డింగు గీత బయటపడ్డాయి.

“అది అందానికి చేయించాంలేమ్మా,” అన్నాడు వ్యాపారి.

“అందానికి వెల్డింగు చేయించుకోవడం ఇప్పుడే చూస్తున్నానండీ.”

రెండోది చాలా పెద్దది. నాలుగంతస్తుల ఇంటి కన్నా పైకి పోతుందట. నా మనసు దాని మీద పడింది. నిజం చెప్పొద్దూ, అది మా షెడ్డు ముందు నిలబడితే వీధి వీధంతా ఎలా చూస్తుందో కూడా ఊహించేసుకున్నాను.

“దీంతో ఏం చేస్తావు మరిదీ? ఆకాశం బూజు దులుపుతావా? దీని బరువుకి మన సందుల్లో కాలవ పలక ఒక్కటీ మిగలదు.”

మూడోది ఒక మూల ఎండలో ఉంది. ఒకప్పుడు పసుపు రంగో ఏమో, ఇప్పుడు ఏ రంగూ కాదు. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. నేను దాని వైపు చూడను కూడా చూడలేదు. వదిన మాత్రం కొంగు బిగించి బండి కింద దూరింది. వీధి దీపాలు బాగుచేసేవాళ్ళ దగ్గర నుంచి వచ్చిందట. కీళ్ళన్నిట్లో తాజా గ్రీజు ఉంది. ఆయిలు పైపులు కొత్తవి. ఇనుప చేతిని లేపే కడ్డీలు గీత లేకుండా అద్దంలా ఉన్నాయి. చేతిని పైకి లేపించి, కడ్డీ ఎంతవరకు బయటికొచ్చిందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, బండి కింద పాత పేపర్లు పరిచి, “పద, టీ తాగొద్దాం,” అంది.

“వదిలేసి పోవడమేంటమ్మా?” అన్నాడు వ్యాపారి.

“మనం చూస్తుంటే ఎవరైనా బుద్ధిగానే ఉంటారండీ. చూడనప్పుడు ఎలా ఉంటుందో చూద్దామని.”

నింపాదిగా టీ తాగి, ఇంకో టీ కూడా తాగి వచ్చాం. గుర్తు కదల్లేదు. పేపరు మీద ఆయిలు చుక్క లేదు. నేల మీద నిలబడి నడిపే కింది మీటల్ని చాలాసేపు ఆడించి చూశాం. లేపడం, దించడం, పక్కకి తిప్పడం, మధ్యలో ఆపడం. వెన్నలా పని చేశాయి. బుట్టలో కూడా ఇంకో జత మీటలున్నాయి, పైన నిలబడినవాడు నడుపుకోవడానికి. అవి మాత్రం బిగుసుకుపోయి కదల్లేదు.

“వాటినెవరూ వాడరమ్మా, అలాగే ఉండిపోయాయి. కింది మీటలతో అన్ని పనులూ అవుతాయి. మీరే చూశారుగా,” అన్నాడు వ్యాపారి.

చూశాం. వదిన తల ఊపింది, వీలున్నప్పుడు వాటి సంగతి చూద్దామంది. నాకైతే సంతోషం కూడా వేసింది. అన్నయ్య భుజానికి మీటలు తిప్పే శ్రమ కూడా ఉండదు. అతను హాయిగా నిలబడితే నేనే కింద నుంచి ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తాను. ఇన్నేళ్ళూ నన్ను మోసినవాడు. ఇక నా వంతు అనుకున్నాను.

మొదటి పని పంతులమ్మగారి ఇంట్లో. పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్న పెద్దావిడ. ఆవిడ ఇంటి వెనక గొడుగులా విచ్చుకున్న పాత చెట్టు, గాలి వీచినప్పుడల్లా ఒక కొమ్మతో పడకగది పైకప్పుని గోకుతోందట. బండి గేటులో సుద్దబొమ్మ లెక్కకి తేడా రాకుండా పట్టింది. కాళ్ళ కింద మందపాటి చెక్కలు వేసి దించాం. అన్నయ్య బెల్టు కట్టుకుని, దాని కొక్కేన్ని బుట్టకి తగిలించుకుని, కూరగాయల మాట ఎవరైనా ఎత్తుతారేమోనన్నట్టు మమ్మల్నందర్నీ ఒకసారి చూసి ఎక్కాడు. నేను దణ్ణం పెట్టుకుని మీట నొక్కాను.

ఇంటి కప్పు ఎత్తు దాకా బాగానే ఉన్నాడు. అక్కడి నుంచి కొమ్మ వైపు తిప్పాను. ఉన్నట్టుండి అన్నయ్య తల కనబడలేదు. బుట్టలో గొంతుక్కూర్చున్నాడు.

“దించు.”

“ఏమైంది అన్నయ్యా?”

“దించరా!”

వంటింటి కిటికీలోంచి పంతులమ్మగారు తల బయటపెట్టారు. “కళ్ళు తిరిగాయా బాబూ? నిమ్మకాయ నీళ్ళు కలపనా?”

దించాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. కాసేపు ఆగి మళ్ళీ ఎక్కాడు. ఈసారి ఇంకా మెల్లగా, నత్త నడకలా లేపాను. ఇంటి కప్పు దాకా కూడా రాకుండానే మళ్ళీ కూర్చుండిపోయాడు. మూడోసారి ఎక్కలేదు. కొక్కెం విప్పి, బెల్టు బుట్టలో వదిలేసి, తిన్నగా వెళ్ళి బండి సీట్లో కూర్చున్నాడు. ఎంత పెద్ద చెట్టెక్కినా పాట పాడుకునే మనిషి, చిరిగిన స్పాంజిని వేళ్ళతో గిల్లుతూ కూర్చున్నాడు.

“గోడౌను వాళ్ళకి వస్తున్నానని చెప్పెయ్,” అన్నాడు నాతో.

ఇంటికొచ్చాక నాకు తోచింది ఒకటే. పడ్డప్పటి భయం ఇంకా మనసులో ఉండిపోయింది. అతనికి ధైర్యమియ్యి స్వామీ అని సాయంత్రం దీపం ముందు కూర్చుని చాలాసేపు వేడుకున్నాను. తప్పుగా అడిగిన కోరికల్ని దేవుడు ఎలా వింటాడో గానీ, ఆ రోజు నేను అన్నయ్యకి లేని జబ్బుకి మందు అడిగాను.

మర్నాడు పొద్దున వదిన బెల్టు కట్టుకుని షెడ్డు ముందుకొచ్చింది.

“లేపు నన్ను.”

“నువ్వా?”

“ఆ బండిని కింద దూరి చూశాను, పక్క నుంచి చూశాను, పిన్నుతో గీకి చూశాను. ఎక్కి చూశానా? నువ్వు ఎక్కావా? ఇద్దరం నేల మీద నిలబడి, నేల మీద మనుషులకి కావలసిన బండి కొన్నాం. లేపు.”

అన్నయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను మీట నొక్కాను. వదిన షెడ్డు రేకుల ఎత్తు దాకా ఠీవిగా వెళ్ళింది. పక్కకి తిప్పాను.

“అమ్మో! ఆపు! ఎక్కడికి తీసుకుపోతున్నావు నన్ను?”

“ఎక్కడికీ లేదు వదినా, కొంచెం పక్కకి.”

“చెప్పి కదుపు!”

“సరే, చెప్తున్నా. ఇప్పుడు పైకి.”

“నువ్వు చెప్పేలోపే కదిలింది! ఒద్దు, దించు, దించు, మెల్లగా, అయ్యో ఇంత మెల్లగా కాదు, దించెయ్ నాయనా!”

దిగేసరికి జడ సగం ఊడిపోయి, రెండు చేతులూ బుట్ట అంచుకి అతుక్కుపోయాయి. ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పుకుని, అన్నయ్య వైపు తిరిగింది.

“ఇదేనా?”

అన్నయ్య నవ్వాడు. ఎన్నాళ్ళకి విన్నామో ఆ నవ్వు! కడుపు పట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వాడు. “ఇదే! సరిగ్గా ఇదే! నేను చెట్టెక్కితే నా కాళ్ళు నా మాట వింటాయి. ఏ కొమ్మ మీద ఎప్పుడు బరువు వెయ్యాలో నాకు ముందే తెలుసు. ఇందులో నా కాళ్ళు తీసుకెళ్ళి వీడి చేతిలో పెట్టారు మీరు.”

“ముందే చెప్పచ్చుగా?”

“ఏమని చెప్పను? తమ్ముడంటే నమ్మకం లేదని చెప్పనా? నాకే తెలియలేదు అదేంటో. భయమే అనుకున్నాను, ముసలాణ్ణైపోయాను అనుకున్నాను.” అలా అంటూనే నా చెయ్యి పట్టుకుని బుట్ట వైపు లాగాడు. “రారా, నువ్వూ ఎక్కు. మీట నేను పట్టుకుంటా.”

ఎక్కాను. ఆ సంగతి పెద్దగా రాయను. రోజూ లేవగానే నేను దేవుడి చేతిలో ఉన్నాను అని చెప్పుకుంటాను. అన్నయ్య చేతిలో కాసేపు ఉండి చూశాక, ఆ మాట నేను ఇన్నాళ్ళూ అర్థం తెలియకుండానే అంటున్నానని తేలింది. పైన గాల్లో ఊగుతూ నేను ఏయే స్తోత్రాలు తప్పుల్లేకుండా చదివానో పొరుగు ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ పూటే బుట్టలో మీటల పెట్టె విప్పాం. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోక గ్రీజు గట్టిపడి తారులా అయింది. లోపలి కడ్డీలకి తుప్పు. వంగిపోయిన కడ్డీ ఒకదాన్ని ఎవరో విప్పేసి తీగతో పక్కకి కట్టేశారు. వదిన భాగాలన్నిట్నీ కిరోసిన్లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, గుడ్డ మీద వరసగా పేర్చింది. పాడైన రబ్బరు సీళ్ళు తీసేసి కొత్తవి వేసింది. వంగిన కడ్డీకి బదులు సరైనది కావాలని ఊరంతా తిరిగి, చివరికి అదే రకం బండి ఇంకోటి విడగొడుతున్న చోట పట్టుకుంది. ఎలాగోలా సర్దేద్దాం అని నేనంటే, “పైన నిలబడేది నువ్వు కాదుగా,” అంది. ఆ మాట మా ఇద్దరికీ తగిలింది, ఇద్దరం నవ్వుకున్నాం.

అన్నయ్య ఇప్పుడు షెడ్డు గుమ్మంలో కాదు, నేల మీదున్న బుట్టలో నిలబడ్డాడు. చేతిని తొడ పక్కన పెట్టుకుని, “మీట ఇంత తేలిగ్గా కదలాలి. భుజం లేవకూడదు, మణికట్టు చాలు,” అంటాడు. వదిన ఒక నట్టు తిప్పుతుంది. “ఇంకా గట్టిగా ఉంది.” ఇంకో చుట్టు. “ఇప్పుడు వదిలేశావనుకో, దానంతటదే మధ్యకొచ్చి ఆగిపోవాలి. నేను తుమ్మినా ఆగిపోవాలి.”

“నువ్వు తుమ్మితే బండి పల్టీ కొడుతుంది,” అంటూనే వదిన ఆ స్ప్రింగు మార్చింది.

అంతా బిగించాక మనిషిని ఎక్కించలేదు. అన్నయ్య కన్నా బరువైన ఇసుక బస్తాలు బుట్టలో వేసి, పైకి లేపి, సుద్ద గుర్తు పెట్టి, భోజనం చేసొచ్చాం. గుర్తు అలాగే ఉంది. కింది మీటలు కూడా అన్నీ మళ్ళీ చూశాం, పైన మనిషికి ఏమైనా అయితే దించడానికి కింద ఒకరు ఉండాల్సిందే కాబట్టి. ఆ ఒకరు నేను.

పంతులమ్మగారి ఇంటికి మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ నిమ్మకాయ నీళ్ళు ముందే కలిపి గట్టు మీద పెట్టి ఉంచారు. ఎవరికైనా పనికొస్తాయని. వదిన ఒక గ్లాసు గడగడా తాగేసింది.

అన్నయ్య కొక్కెం తగిలించుకున్నాడు. కుడి చెయ్యి మీటల మీద వేశాడు. నేను కింది మీటల మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాను.

“ఒరేయ్, ఆ చెయ్యి తియ్యి.”

“ఊరికే పెట్టానన్నయ్యా. నొక్కట్లేదు.”

“నొక్కకపోయినా నాకు తెలుస్తోంది. తియ్యి.”

“దగ్గరే ఉండు, ముట్టుకోకు,” అంది వదిన.

చెయ్యి తీసి వీపు వెనక్కి పెట్టుకున్నాను. అందినంత దూరంలో ఉండీ చెయ్యి వెయ్యకుండా నిలబడటం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. మన మీటల పక్కన కూడా ఆ దేవుడు ఇలాగే నిలబడి ఉంటాడా? ఉంటే పాపం, ఆయనకీ చేతులు దురద పెడతాయేమో.

బుట్ట లేచింది. జానెడు. ఆగింది. ఇంకో జానెడు. మళ్ళీ కిందికి వచ్చింది. ఎడమకి, కుడికి. పసిపిల్లాడు అడుగులేసినట్టు ఆ ఇనుప చెయ్యి అతను చెప్పినట్టల్లా కదిలింది. ఇంటి కప్పు ఎత్తు దగ్గర చాలాసేపు ఆగాడు. నేను వదిన వైపు చూశాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, నట్ల లెక్కో నేను అడగలేదు. తరవాత బుట్ట ఆ ఎత్తు దాటింది. కప్పుని గోకుతున్న కొమ్మని అప్పటికి వదిలేసి, చెట్టు చుట్టూ తిరిగి, బయటి వైపు, చిటారు కొమ్మలు గాలికి ఆడుతున్న చోటికి వెళ్ళింది.

అక్కడికి అన్నయ్య ఎప్పుడూ వెళ్ళలేదు. ఏ మనిషీ ఎక్కి వెళ్ళలేడు. మొదలు నుంచి పైకెక్కేవాడికి బరువాపే కొమ్మలే దారి. ఆ సన్నటి కొసలు పిట్టలకి తప్ప ఎవరికీ అందవు. అతను బుట్టని ఆపి, చెయ్యి చాచాడు. గుండె ఎత్తుకే చాచాడు. ఒక చిగురు రెమ్మని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

“ఒరేయ్ తమ్ముడూ!”

“ఏంటన్నయ్యా? దించనా?”

“దించడమేంట్రా! ఇన్నేళ్ళూ లోపల నుంచి వీటి వీపులే చూశాను. మొహం ఇటువైపు ఉంది.”

బుట్ట కదల్లేదు. పంతులమ్మగారు గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చేశారు.

“మళ్ళీ ఏమైందమ్మా? కళ్ళు తిరుగుతున్నాయా?”

“ఏం కాలేదండీ,” అంది వదిన, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ. “చూస్తున్నాడు. కాసేపు చూడనివ్వండి.”

చూడనిచ్చాం. గాలికి చెట్టంతా ఒకసారి కదిలి సర్దుకుంది. బుట్ట కూడా దాంతో పాటే కొంచెం ఊగింది. అన్నయ్య అంచు పట్టుకోలేదు. ఆ తరవాత బుట్ట మెల్లగా ఇంటి కప్పు వైపు తిరిగింది. కోయాల్సిన కొమ్మ అతని గుండె ఎత్తుకి వచ్చి ఆగింది. పైన రంపం మోగింది. నేను దించే తాడు అందుకుని, కాళ్ళు నేలకి తన్నిపట్టి నిలబడ్డాను.

“తాడు బిగించరా, అంత బిగించకు! ఎడమ పక్కకి జరుగు, ఎడమంటే నీకు కుడా?”

అలా తిడుతూనే ఉన్నాడు, కొమ్మ నేలని తాకేదాకా.